రెండు గీతల ఎనిమిది

(జపనీస్ నేర్చుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఒక ఆదివారం జరిగిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసి పెట్టింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద రాసేది తక్కువే, కానీ అది అందరికీ కనిపించాలి.

ఈరోజు ఒకే ఒక్క అక్షరం గురించి మాట్లాడతాను. ఒక్క అక్షరమే. ఎనిమిది, 八. మీలో చాలామంది ఇప్పటికే ఒకటి నుంచి పది దాకా కంఠతా పట్టేసి ఉంటారు. ఇచి, ని, సన్ అని గడగడా చెప్పేస్తారు. బాగానే ఉంది. మరి ఎనిమిది అంటే హచి అని తెలిసిపోయాక ఇంకేం మిగిలింది? అదే చూద్దాం. నేను ఈ అక్షరాన్ని మొదటి వారంలోనే నేర్చుకున్నాను, రెండేళ్ల తర్వాత గానీ అది నాకు రాలేదు.

ముందు రాద్దాం. చూడండి, ఎడమ గీత ముందు. పైన మొదలుపెట్టి, కిందికి ఎడమ పక్కకి వంచుతూ లాగి, చివర్లో చెయ్యి తేలిక చేసి వదిలేయాలి. గీత సన్నగా అయిపోతూ ఆగాలి. ఇప్పుడు కుడి గీత. ఇది కూడా పైనుంచే, కిందికి కుడి పక్కకి. కుంచెతో రాసేటప్పుడు దీని చివర కాస్త నొక్కి, పక్కకి లాగి వదులుతారు. కాబట్టి పాదం పెట్టినట్టు లావుగా ఉంటుంది. అంతే, అయిపోయింది. ఇల్లు కప్పు రెండు వాలుల్లాగా ఉంది కదా, మధ్యలో దూలం తీసేసినట్టు.

ఆ మధ్య ఖాళీ ముఖ్యం. రెండు గీతలూ తాకకూడదు. పైన తాకితే ఏమవుతుంది? మనిషి అనే అక్షరం అయిపోతుంది. తాకడమే కాకుండా కుడి గీత పైకి సాగి ఎడమ పక్కకి తొంగిచూస్తే, లోపలికి వెళ్లడం అనే అక్షరం అవుతుంది, స్టేషన్లో దారి చూపించే బోర్డు మీద ఉంటుంది అది. మూడూ రెండేసి గీతలే. విడిగా ఉంటే ఎనిమిది, ఆనుకుంటే మనిషి, పైకి సాగితే ప్రవేశం.

ఇంకోటి. జపనీస్ శబ్దాల లిపుల్లో ఒకటైన కటకనలో 'హ' అక్షరం గుర్తు తెచ్చుకోండి. ఇలాగే ఉంటుంది కదా? ఎందుకుంటుంది? అది ఈ ఎనిమిదిలోంచే పుట్టింది. బౌద్ధ భిక్షువులు చైనా భాషలోని గ్రంథాలు చదువుతూ, పక్కన ఉచ్చారణ గుర్తు పెట్టుకోవడానికి కంజిలను, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలను, కుదించి కుదించి కటకన తయారు చేసుకున్నారు. ఎనిమిదిని కుదించడానికి ఏముంది, రెండు గీతలే కాబట్టి దాదాపు అలాగే ఉండిపోయింది. అంటే మీరు కటకన నేర్చుకున్న రోజే ఈ కంజి కూడా మీ చేతికి వచ్చేసింది.

ఇప్పుడు అర్థం. రెండు గీతలకీ ఎనిమిదికీ ఏం సంబంధం? ఒకటి, రెండు, మూడు అయితే గీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఎనిమిదిలో ఎనిమిది గీతలు లేవే? మూడు వేల ఏళ్ల నాటి ఎముకల మీద, తాబేటి చిప్పల మీద చెక్కిన రాతల్లో కూడా ఇది ఇలాగే, వీపులు తిప్పుకున్న రెండు వంపు గీతల్లా ఉంటుంది. మొదట దీని అర్థం విడిపోవడం, చీలడం అని పండితులు చెబుతారు. ఎనిమిది అనే మాట పలుకులో దానికి దగ్గరగా ఉండటంతో, అంకె కోసం ఈ అక్షరాన్ని అరువు తెచ్చుకున్నారు. తర్వాత అరువు తెచ్చుకున్నవాళ్లదే ఇల్లు అయిపోయింది.

పాత అర్థం పోయిందా? పోలేదు, దాక్కుంది. దీని కింద కత్తి అనే అక్షరం పెట్టండి. కత్తితో రెండుగా కోయడం. పంచడం, భాగం అనే కంజి అది. గంటలో భాగం కాబట్టి నిమిషానికి కూడా అదే. ఆ అక్షరంతోనే ఇంకో మాట రాస్తారు, మీ అందరికీ తెలిసిన మాట. వకరు. అర్థం కావడం! అర్థం కావడానికీ కత్తితో కోయడానికీ ఏంటి సంబంధం అని ఆశ్చర్యపోకండి. మనం ఏమంటాం? "కాస్త విడమరిచి చెప్పవయ్యా" అంటాం. విడదీస్తేనే అర్థమవుతుంది. సంస్కృతంలో వివేకం అనే మాటకి మూలం కూడా వేరుచేయడమే. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వకరు అని వెయ్యిసార్లు అని ఉంటాను, ఆ మాటలో ఎనిమిది ఉందని చూసుకోలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉచ్చారణలు.

పుస్తకం తెరిస్తే ఈ అక్షరం పక్కన ఏముంటుంది? ఒన్-యొమి: హచి. కున్-యొమి: య, యత్సు, యత్త్సు, యో. యొమి అంటే చదివే తీరు. చూడగానే టెన్షన్. ఒక అక్షరానికి ఇన్ని ఎందుకు? ఏది ఎప్పుడు? మీలో చాలామంది ఈ ప్రశ్న నన్ను అడిగారు, కొంచెం కోపంగా కూడా అడిగారు.

నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కాగితం మీద 8 అని రాసిస్తాను. చదవండి. ఎనిమిది. మంచిది. ఎనిమిదో తిథి? అష్టమి. ఎనిమిది పదులు? ఎనభై. మనుషులైతే? ఎనమండుగురు. ఇప్పుడు పిల్లలు ఎనిమిది మంది అనేస్తున్నారు, ఎనమండుగురు అనే మాట నేను మా అమ్మమ్మ నోట విన్నదే ఎక్కువ. అవధాని ముందు ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటే? ఎనిమిదవధానం అంటామా? అష్టావధానం అంటాం. అంకె ఒక్కటే, మనం ఇన్ని రకాలుగా చదివాం. ఎవరైనా టేబుల్ వేసుకుని బట్టీ పట్టారా? లేదు కదా!

జపాన్‌లో జరిగిందీ అదే. అక్కడివాళ్లకి రాత రాకముందే లెక్క ఉంది. హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అని లెక్కపెట్టుకునేవాళ్లు. ఎనిమిదికి యత్త్సు. తర్వాత కొరియా మీదుగా చైనా రాత వచ్చింది. రాతతో పాటు చైనా మాట కూడా వచ్చింది. ఇంటి మాట పోలేదు, వచ్చిన మాట ఉండిపోయింది. ఇంటి మాట కున్, వచ్చిన మాట ఒన్. మనకి ఎనిమిది కున్ అనుకోండి, అష్ట ఒన్ అనుకోండి.

ఇంకా దగ్గరి పోలిక ఉంది. మన వ్యాకరణంలో దుష్టసమాసం అని చదువుకున్నాం, గుర్తుందా? తెలుగు మాటనీ సంస్కృతం మాటనీ ఇష్టం వచ్చినట్టు అతికించకూడదని బడిలో మాస్టారు చెప్పేవారు. జపనీస్ కూడా మామూలుగా ఒన్‌ని ఒన్‌తో, కున్‌ని కున్‌తో కలుపుతుంది. కలగాపులగంగా కలిసినవీ ఉన్నాయి, వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. ముందు ఒన్, వెనక కున్ అయితే జూబకొ-యొమి. జూబకొ అంటే అరలు అరలుగా పేర్చే భోజనం డబ్బా, ఆ మాటే అలా కలిసిన మాట. ముందు కున్, వెనక ఒన్ అయితే యుతో-యొమి. యుతో అంటే వేడినీళ్ల కూజా. వంటింటి సామాన్ల పేర్లతో వ్యాకరణం చెప్పుకున్నారు చూడండి.

అయితే ఎక్కడ హచి, ఎక్కడ య? చాలావరకు హచియే. ఎనిమిది గంటలు హచిజి. ఆగస్టు నెల హచిగత్సు. ఎనిమిది మంది హచినిన్. పల్చటివి, కాగితాలు, టికెట్లు, హచిమై. వస్తువుల్ని ఊరికే లెక్కపెడితే యత్త్సు. దుకాణంలో ఆపిల్స్ ఎనిమిది కావాలంటే యత్త్సు అంటే చాలు. ఇక్కడ త్సు ఎలా పలకాలి అని అడుగుతుంటారు. చాప, చుక్క అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే చ ఉంది కదా, దానికి ఒత్తు ఇవ్వండి. వచ్చేసింది. మన నోట్లో ఉన్న శబ్దమే అది.

ఇక తారీఖు. తారీఖు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను పడింది ఇక్కడే.

జపాన్ వెళ్లిన మొదటి ఏడాది. పన్ను నొప్పి. రాత్రిళ్లు నిద్ర లేదు. ఒక పళ్ల క్లినిక్‌కి ఫోన్ చేశాను. నాకు వచ్చిన నాలుగు ముక్కలతో మాట్లాడాను. అవతలి ఆవిడ నెమ్మదిగా, ఎంతో ఓపిగ్గా తారీఖు చెప్పింది. నేను పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాను. వై, ఓ, కె, ఎ. తర్వాత చూసుకుని, నాలుగో తారీఖు అనుకున్నాను. నాలుగున పొద్దున్నే వెళ్లాను. ఆవిడ రిజిస్టరు చూసింది, నా వంక చూసింది. గోడ మీద క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లి, వేలితో గాల్లో రెండు గీతలు గీసింది. ఎడమకొకటి, కుడికొకటి. తర్వాత ఎనిమిది మీద వేలు పెట్టింది. ఇంకా నాలుగు రోజులు. బుగ్గ పట్టుకుని ఇంటికొచ్చాను.

ఏం జరిగింది? నాలుగో తారీఖు యొక్క. ఎనిమిదో తారీఖు యోక. వినండి మళ్లీ. యొక్క. యోక. మొదటిది మనకి పుట్టినప్పటినుంచీ తెలిసిన మాట! "రాముని యొక్క" అంటామే, అదే యొక్క. పలుకులో తేడా లేదు. రెండోది దీర్ఘం ఇచ్చి, ఒత్తు తీసేసిన మాట. యోక. తెలుగులో రాస్తే ఈ రెండింటినీ చిన్నపిల్లలు కూడా కలిపేయరు. హ్రస్వం ఒ, దీర్ఘం ఓ మనకి వేరు. ఒత్తు ఉన్న అక్షరం, లేని అక్షరం మనకి వేరు. జపనీస్‌కి కావాల్సినవి ఈ రెండే. వాళ్లు హిరగన అనే ఇంకో శబ్దాల లిపిలో చిన్న త్సు పెట్టి చూపించేది మన ఒత్తునే, 'ఉ' పెట్టి సాగదీసేది మన దీర్ఘాన్నే. నేను ఆరోజు తెలుగులో రాసుకుని ఉంటే నాలుగు రోజుల నొప్పి తప్పేది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోబట్టి దీర్ఘమూ పోయింది, ఒత్తూ పోయింది, వై, ఓ, కె, ఎ మిగిలింది.

అందుకే మీ అందరికీ బతిమాలి చెబుతున్నాను. నోట్సులో జపనీస్ ఉచ్చారణ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోకండి. హిరగనలో రాయండి. అది ఇంకా చేతికి రాకపోతే తెలుగులో రాయండి. మనకి ఇంత మంచి లిపి ఉండగా, దీర్ఘాలు లేని లిపిలో దీర్ఘాల భాష ఎందుకు నేర్చుకోవాలి?

అసలు నాలుగుకీ ఎనిమిదికీ ఈ పోలిక ఊరికే రాలేదు. జపాన్ వాళ్ల సొంత అంకెలు జంటలుగా వినండి. ఒకటి హితొత్సు, రెండు ఫుతత్సు. మూడు మిత్త్సు, ఆరు ముత్త్సు. నాలుగు యొత్త్సు, ఎనిమిది యత్త్సు. రెట్టింపు అయిన చోట హల్లు అలాగే ఉంచి అచ్చు మార్చారు. మి, ము. యొ, య. ఎంత అందంగా ఉంది! అందంతో పాటు ప్రమాదం కూడా, నాలుగు దగ్గర ఎనిమిది వినిపిస్తుంది మరి. 'య'కి రోజు అనే 'క' చేరాక, మధ్యలో శబ్దం సాగి సాగి యోక అయింది.

ఈ సొంత పేర్లు పదో తారీఖు దాకే. పదకొండు నుంచి మామూలు లెక్క, మధ్యలో పద్నాలుగు, ఇరవై, ఇరవైనాలుగు మాత్రం మినహాయింపు. కాబట్టి పద్దెనిమిదో తారీఖు జూహచినిచి, అక్కడ మళ్లీ హచి వచ్చేసింది. మనకి కూడా పాడ్యమి, విదియ, తదియ, చవితి అని తిథులకి వేరే పేర్లున్నాయి కదా. ఎవరైనా రెండో రోజు అనాల్సిన చోట విదియ అని ఎందుకంటున్నారని మనల్ని అడిగితే ఏం చెబుతాం? అలా అంటాం, అంతే.

ఇప్పుడు హచి ఆకారం మార్చే చోట్లు. ఎనిమిది వందలు హచిహ్యకు కాదు, హప్ప్యకు. ఎనిమిది వేలు హస్సెన్. ఎనిమిదేళ్ల వయసు హస్సై. పెన్సిళ్లలాంటి పొడుగాటివి ఎనిమిది, హప్పొన్. చిన్న చిన్న వస్తువులు ఎనిమిది, హక్కొ. హచిలో 'చి' ఎక్కడికి పోయింది? వెనక వచ్చే హల్లుకి ఒత్తుగా మారి కూర్చుంది. మనం ఎనిమిది వందలు అని రాస్తాం, సంతలో ఏమంటాం? ఎనిమిదొందలు. సంధి మనకి కొత్తా?

దీని వెనక ఒక కథ ఉంది. చైనా నుంచి వచ్చినప్పుడు ఈ మాట చివర అచ్చు లేదు. పొల్లు త్ తో ఆగిపోయేది, ఇంచుమించు 'పత్' లాగా. హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ 'బాత్' అంటారు. పొల్లుతో ఆగిపోవడం జపాన్ నోటికి అలవాటు లేదు. మనమూ అంతే కదా, బస్సు, కారు, రోడ్డు అని చివర ఉకారం చేర్చుకున్నాం. వాళ్లు ఇకారం చేర్చుకున్నారు. పతి అయింది, అది మారి మారి హచి అయింది. కానీ వెనక క, స, త, ప లాంటి హల్లు వెంటనే వస్తే, అచ్చు చేర్చాల్సిన పనే లేదు. పాత పొల్లు ఆ హల్లులో కలిసిపోయింది. అందుకే హస్సెన్, హక్కొ.

మరి ప ఎలా హ అయింది? ఇదేమీ వింత కాదు. మన పక్క రాష్ట్రం చూడండి. మనం పాలు అంటాం, కన్నడంవాళ్లు హాలు అంటారు. మనం పులి అంటాం, వాళ్లు హులి అంటారు. పాత కన్నడంలో అవి ప తోనే ఉండేవి. జపాన్‌లో కూడా పాత ప కాలక్రమంలో హ అయింది. ఒత్తు కింద దాక్కున్న చోట మాత్రం అరగకుండా మిగిలింది. హ్యకు అంటే వంద. హప్ప్యకు అనగానే ఆ పాత ప బయటికి తొంగిచూస్తుంది. మీరు సూపర్‌మార్కెట్‌లో ఎనిమిది వందల యెన్లు అన్నప్పుడల్లా వెయ్యేళ్లనాటి శబ్దం పలుకుతున్నారు.

కొన్ని మాటలు చెబుతాను, రాసుకోండి. నా సలహా ఏంటంటే, హచి, య, యో అని ఉచ్చారణల జాబితా రాసుకోవద్దు. మాటలు రాసుకోండి.

యఒయ. కూరగాయల కొట్టు. ఇందులో మొదటి రెండు అక్షరాలు ఎనిమిది, వంద. ఎనిమిది వందల కొట్టు! పాత జపనీస్‌లో 'య' అంటే ఎనిమిదే కాదు, బోలెడు అని కూడా. ఎనిమిది వందలంటే లెక్కలేనన్ని, రకరకాలు. యఒయొరొజు అంటే ఎనభై లక్షలు, జపాన్ వాళ్ల సొంత మతమైన షింతోలో దేవతల సంఖ్య. మనం ముక్కోటి దేవతలు అంటామే, అలాగ. అబద్ధాల పుట్ట అనడానికి ఉసొ హప్ప్యకు అంటారు. రేకులు ఒత్తుగా పూసే చెర్రీ పువ్వు యఎజకుర, అంటే ఎనిమిది పొరల పువ్వు, రేకులు లెక్కపెట్టి పెట్టిన పేరు కాదది. హప్పో అంటే ఎనిమిది వైపులు, మన అష్టదిక్కులు. ఎటు తిరిగినా అందరి దగ్గరా మంచి అనిపించుకోవాలని చూసే మనిషిని హప్పో-బిజిన్ అంటారు. మెచ్చుకోలు కాదు, ఎవరినీ అనకండి.

వీటిలో నాకు బాగా ఇష్టమైంది ఒయత్సు. సాయంత్రం చిరుతిండి. బడినుంచి రాగానే పిల్లలు అడిగేది. ఇందులో ఎనిమిది ఎక్కడుంది? జపాన్‌లో ఎదొ యుగం అనే పాతకాలంలో గంటల లెక్క వేరు. మధ్యాహ్నం పన్నెండుని తొమ్మిది అనేవాళ్లు, అక్కడినుంచి ఎనిమిది, ఏడు, ఆరు అని కిందికి దిగేది. నాలుగు దాకా వచ్చి, అర్ధరాత్రికి మళ్లీ తొమ్మిది. అంటే పన్నెండు తర్వాత వచ్చేది యత్సు, ఇంచుమించు మన రెండు, మూడు గంటల వేళ. ఆ వేళ తినేది ఒయత్సు. ఆ గడియారం పోయి నూటయాభై ఏళ్లు దాటింది. తినుబండారం పేరులో ఎనిమిది మిగిలిపోయింది.

బియ్యం అక్షరం కూడా చూడండి. బోర్డు మీద ముక్కలు చేస్తున్నాను. పైన ఎనిమిది తలకిందులుగా, మధ్యలో పది, కింద ఎనిమిది. ఎనభైఎనిమిది! అందుకే ఎనభైఎనిమిదో పుట్టినరోజుని బేజు అంటారు, బియ్యం పండగ. బియ్యం పండించడానికి రైతు ఎనభైఎనిమిది సార్లు ఒళ్లు వంచాలని అక్కడ పెద్దవాళ్లు పిల్లలకి చెప్పి, గిన్నెలో మెతుకు వదలనివ్వరు. మన ఇళ్లలో ఇలాంటి మాటలు వినే పెరిగాం కదా. వసంతం మొదలైనట్టు లెక్కించే రోజునుంచి ఎనభైఎనిమిదో రాత్రి కూడా ముఖ్యమే, మే 2 ప్రాంతంలో వస్తుంది, కొత్త తేయాకు కోసే రోజులు.

ఈ అక్షరం కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి శుభం అంటారు. ముందు ముందు విస్తరిస్తుందని. టొయోటా కంపెనీని స్థాపించినవాళ్ల ఇంటిపేరు టొయోడా. 'డ'ని 'ట' చేయడానికి చెప్పే కారణాల్లో ఒకటి, కటకనలో టొయోటా అని రాస్తే సరిగ్గా ఎనిమిది గీతలు. టైమ్ ఉన్నప్పుడు రాసి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మీ వంతు. బోర్డు మీద రాస్తున్నాను. ఎనిమిది, నెల, ఎనిమిది, రోజు. ఎవరు చదువుతారు? హచిగత్సు హచినిచి... దగ్గరికొచ్చారు. మొదటిది సరే. రెండోది? అవును. హచిగత్సు యోక. ఒకే అక్షరం, రెండు అడుగుల దూరంలో రెండు పలుకులు. ఇంకోటి. ఎనిమిది వందల ఎనభైఎనిమిది యెన్లు? హప్ప్యకు హచిజూహచి ఎన్. చాలా బాగా చదివారు.

చివరగా ఒకటి. మీ అందరికీ తెలిసిన పేరే, హచికో. షిబుయా స్టేషన్ బయట యజమాని కోసం ఎదురుచూసిన కుక్క. ఓదతె అనే ఊళ్లో 1923లో పుట్టింది. యజమాని ప్రొఫెసర్ ఉఎనొ 1925 మేలో పనిలో ఉండగానే పోయారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అది స్టేషన్‌కి వస్తూనే ఉంది. బతికుండగానే, 1934లో, దానికి విగ్రహం పెట్టారు. దాని పేరు హచి. మన అక్షరమే. ఎనిమిది. ఆ కుక్క చనిపోయింది 1935 మార్చి 8న.

మార్చి 8. జపనీస్‌లో చెప్పండి. అందరూ కలిసి, దీర్ఘం వినిపించేలాగ. సంగత్సు యోక. ఇంకొకసారి. సంగత్సు యోక. ఇప్పుడు ఒక్కొక్కరే బోర్డు దగ్గరికి వచ్చి రాయండి. ఎడమ గీత ముందు.